మాడు ముట్టుకుంటే నొప్పి: స్మూతెనింగ్ జుట్టు వదిలించుకుంటున్న అమ్మాయికి

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గచ్చిబౌలిలో ఉద్యోగం, 26 ఏళ్ళు, పుట్టుకతో ఉంగరాల జుట్టు, ఐదేళ్ళలో నాలుగుసార్లు స్మూతెనింగ్. చివరిది చేయించి ఎనిమిది నెలలైంది. ఇక చాలు, నా జుట్టు నాకు కావాలనుకుని ఆపేశావు. ఇప్పుడు జడ విప్పితే నడినెత్తి మీద, చెవుల వెనక చెయ్యి పెట్టనివ్వడం లేదు, దిండుకి తల ఆనించినా నొప్పే. "కెమికల్ లోపలే ఉండిపోయిందా అక్కా, మళ్ళీ ఒకసారి రూట్స్ వరకు చేయిస్తే తగ్గుతుందా?" అని అడిగావు. మాఘంలో అక్క పెళ్ళి ఉందని, మామ్మ పూలజడ వేసుకోమని పట్టుబడుతోందని చివర్లో ఇంకో మాట కలిపావు.

నేను విజయవాడలో 22 ఏళ్ళుగా పార్లర్ నడుపుతున్నాను. డాక్టర్ని కాను. అక్కా అన్నావు, సంతోషం. కానీ నా కూతురు నీకంటే రెండేళ్ళు పెద్దది, అందుకని నువ్వు అనే రాస్తాను.

ముందు రెండో ప్రశ్నకి జవాబు: వద్దు. నొప్పి ఉన్న నెత్తి మీద ఏ క్రీమూ పెట్టించుకోకు. ఎవరైనా "ఏం కాదు మేడం, మైల్డ్‌ది వేస్తాం" అంటే ఆ కుర్చీలోంచి లేచి వచ్చెయ్.

కెమికల్ లోపల ఉండిపోవడం అంటూ ఏమీ లేదు. రీబాండింగ్, స్మూతెనింగ్ అని మేం పెట్టే క్రీముల్లో చాలావాటిలో ఉండేది అమోనియం థయోగ్లైకోలేట్. వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే గంధకపు ముడులు లోపల ఉంటాయి, అది వాటిని విప్పుతుంది. ఇస్త్రీ పెట్టి సాపు చేశాక హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్ రాస్తాం, ఆ ముడులు కొత్త చోట మళ్ళీ బిగుసుకుంటాయి. కడిగేశాక దాని పని అయిపోయింది. ఎనిమిది నెలల కిందటి క్రీము ఈరోజు నెత్తిని మండించదు. పైగా చర్మం బయటికి వచ్చిన వెంట్రుకకి ప్రాణం ఉండదు, నొప్పి తెలియదు. తెలిసేది కుదురు చుట్టూ అల్లుకున్న సన్నటి నరాలకి. వెంట్రుకని ఎటు లాగినా ఆ కబురు వాటికి చేరుతుంది. నీ తలమీద ఇప్పుడు లాగుడు ఎక్కువైంది, నాకు తోచిన మొదటి కారణం అదే.

ఎందుకు ఎక్కువైందో చెప్తాను. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు, సెంటీమీటరుంపావు పెరుగుతుంది. అంటే నీ కుదుళ్ళ దగ్గర 8 నుంచి 10 సెంటీమీటర్ల కొత్త ఉంగరాల జుట్టు ఉంది. దాని కింద మిగతాదంతా కర్రలా సాగిన పాత జుట్టు. ఈ రెండూ కలిసే చోటుని నేను అతుకు అంటాను. వెంట్రుక మొత్తంలో బలహీనమైన చోటు అదే, తెగితే సాధారణంగా అక్కడే తెగుతుంది. ఇది ఇంటర్నెట్‌లో అందరూ చెప్తారు. చెప్పనిది ఒకటుంది. జుట్టంతా సాపుగా ఉన్నప్పుడు నీకు చిక్కు ఎక్కడ పడేది? చివర్ల దగ్గర, నడుం మీద. అక్కడ దువ్వెన ఆగితే ఒక చేత్తో పైన పట్టుకుని కింద లాగేసేదానివి, నెత్తికి తెలిసేది కాదు. ఇప్పుడు ఆ చిక్కు జాగా మారింది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఎవరికైనా రాలతాయి. సాపు జుట్టులోంచి అవి జారి నేలమీద పడతాయి. ఉంగరాల్లో మాత్రం ఇరుక్కుని అక్కడే ఉండిపోయి, పక్కవాటిని చుట్టుకుంటాయి. అంటే చిక్కు నెత్తికి మూడు నాలుగు అంగుళాల దూరంలోకి వచ్చేసింది. పాత అలవాటు ప్రకారం దువ్వెన పైనుంచి కిందికి ఈడిస్తే ఆ ఈడ్పు అంతా తిన్నగా కుదురు మీదే పడుతుంది. దానికి తోడు కింద వేలాడే బారెడు జుట్టు బరువు. తడిసినప్పుడు ఆ బరువు ఇంకా ఎక్కువ.

అందుకే ఎక్కడ నొప్పి అన్నది చూసుకోమంటాను. చెవుల వెనక, ముచ్చిలిగుంట దగ్గర నొప్పి అంటే చాలాసార్లు అది చిక్కు నొప్పి. అక్కడ చెమట పడుతుంది, చున్నీ, బ్యాగు పట్టీ రాసుకుంటాయి, ఉంగరాలు ఉండలు కడతాయి. నడినెత్తి అయితే రెండు రకాలు. పైకి ఎత్తి క్లచ్చర్ పెట్టేవాళ్ళకి, పైన సిగ చుట్టేవాళ్ళకి విప్పగానే నొప్పి వస్తుంది. పొద్దుటినుంచి ఒక పక్కకి వంచి ఉంచిన వెంట్రుకని రాత్రి ఇంకో పక్కకి తిప్పుతున్నావు కదా, కుదురు దానికి ఒప్పుకోదు. కాసేపు వేళ్ళతో నిమిరితే సర్దుకుంటుంది. అలా సర్దుకోకుండా రోజంతా ఉండి, దురద, పొట్టు, జిడ్డు కూడా ఉంటే అది రెండో రకం, తలస్నానం లోపం.

ఇక్కడ నిన్ను కాస్త తిట్టాలి. "ఊడిపోతుందేమోనని భయంతో పదిరోజులకి ఒకసారి పోసుకుంటున్నాను, మధ్యలో అమ్మ చెప్పినట్టు ఆముదం, కొబ్బరినూనె కలిపి పట్టిస్తున్నాను" అని రాశావు. స్కూటీ మీద హెల్మెట్ కూడా పెట్టుకుంటున్నావు. పదిరోజుల నూనె, చెమట, దుమ్ము, హెల్మెట్ లోపలి ఉక్క. అందరి నెత్తి మీదా ఉండే ఒక రకం ఈస్ట్‌కి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. చుండ్రు ముదిరితే నెత్తి దురద పెట్టడమే కాదు, వాచినట్టు సలుపుతుంది కూడా. పొట్టు రాలుతున్నన్నాళ్ళూ నెత్తికి నూనె ఆపు. అమ్మ ఒప్పుకోదు, నాకు తెలుసు, మా అమ్మా ఒప్పుకోలేదు. కావాలంటే కొబ్బరినూనె అతుకు కింద నుంచి చివర్ల వరకు, తలస్నానానికి ముందు రాసుకో. వెంట్రుకలోని ప్రొటీన్ కడుక్కుపోకుండా కొబ్బరినూనె నిజంగానే ఆపుతుంది. ఆముదం మాత్రం పక్కన పెట్టు. అంత చిక్కటి నూనె ఉంగరాల జుట్టుని జడలు కట్టిస్తుంది. అలా ముద్దకట్టిన తల ఒకటి నా దగ్గరికి వస్తే చివరికి కత్తెరే దిక్కయింది. ఉల్లిరసం, నిమ్మరసం, పుదీనా నూనె లాంటివి కూడా ఇప్పుడు వద్దు. నొప్పి ఉన్న చర్మం మీద అవి కారం పూసినట్టే.

వారానికి రెండుసార్లు తలంటుకో. మొదటి నాలుగు వారాలు మెడికల్ షాపులో దొరికే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ నెత్తికి మాత్రమే రాసి, ఐదు నిమిషాలు ఉంచి కడుగు. అది జుట్టుని ఎండబెడుతుంది, కాబట్టి పొడుగంతా పాకించకు. కడిగే పద్ధతి దానికంటే ముఖ్యం. నీళ్ళు పోసుకోకముందే జుట్టుని నాలుగు పాయలు చెయ్. ఒక్కో పాయకి అతుకు దాటేవరకు కండిషనర్ దండిగా పట్టించి, వేళ్ళతో కింద నుంచి పైకి చిక్కు తియ్. కింద నుంచి పైకి అని మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే సగం మంది తల ఊపి ఇంటికి వెళ్ళి పైనుంచే మొదలుపెడతారు. అతుకు దగ్గరికి వచ్చేసరికి నెత్తికి దగ్గరగా పాయని గుప్పిట్లో పట్టుకుంటే లాగుడు చేతిలోనే ఆగిపోతుంది. ఆ తర్వాతే పెద్దపళ్ళ దువ్వెన. నాలుగు పాయలనూ వదులుగా పురి తిప్పి అలాగే ఉంచి, పాపిళ్ళ మధ్యలో వేళ్ళ కొసలతో షాంపూ రుద్దుకో, గోళ్ళతో కాదు. జుట్టంతా నెత్తి మీద కుప్ప పోసి బట్ట ఉతికినట్టు పులమడం మాత్రం మానెయ్. కుంకుడుకాయ అలవాటుంటే వాడుకో, కానీ రసం బాగా వడగట్టు. ఉంగరాల్లో ఇరుక్కున్న తొక్కు పిప్పి తీయడానికి మళ్ళీ దువ్వెన పట్టాల్సి వస్తుంది.

తర్వాత తువ్వాలు చుట్టి గట్టిగా మెలితిప్పకు, పాత నూలు టీషర్టుతో అద్దు. తడిజుట్టు కొప్పు పెట్టి ఆఫీసుకి పరిగెత్తే అలవాటు హైదరాబాద్‌లో అందరికీ ఉంది, నీకు మాత్రం ఇప్పుడు కూడదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగి అతుకు దగ్గర తెగుతుంది. లోపల ఆరక నెత్తి మగ్గుతుంది. రాత్రి రెండు వదులు జడలు, దిండుకి పాత పట్టుచీర ముక్క. జరీ లేని చోటు చూసి కత్తిరించుకో. ఒకావిడ జరీ అంచు వైపే కుట్టించుకుని, నెత్తి గీరుకుపోతోందని నాకే ఫోన్ చేసింది.

పగలు జడ వేసుకుంటే మెడ దగ్గర వదులుగా, ఒకరోజు వేసినచోట మర్నాడు కాకుండా. పైన ఉంగరాలు, కింద సాపు కలిసిపోయేలా కనిపించాలంటే తడి ఆరబోయే ముందు రెండేసి పాయలుగా పురి తిప్పి రాత్రంతా ఉంచి పొద్దున్న విప్పు, మొత్తం అలలుగా వస్తుంది. దానికోసం తలంటుకున్న ప్రతిసారీ ఇస్త్రీ పెట్టావంటే కొత్తగా వచ్చిన ఉంగరాలు కూడా చచ్చిపోతాయి, ఎనిమిది నెలల ఓపిక వృథా.

కణతల సంగతి నువ్వు రాయలేదు, అద్దంలో చూసుకో. 2011లో నేనే నా తలమీద రీబాండింగ్ చేయించుకున్నాను, కస్టమర్లకి చూపించడానికి. తర్వాత అది వదిలించుకునేటప్పుడు ముందు వైపు లేచిన ఉంగరాలు అణగడానికి జెల్ రాసి, రోజూ వెనక్కి గట్టిగా దువ్వి రబ్బరుబ్యాండ్ వేసేదాన్ని. సాయంత్రానికి కణతలు సలిపేవి. చిన్న చిన్న పొక్కులు వచ్చేవి. పనిలో అలసట అనుకున్నాను. ఏడాదిన్నర తర్వాత చూసుకుంటే రెండు వైపులా రెండు వేళ్ళ వెడల్పు జాగా పలచబడి, అంచున సన్నటి నూగు మాత్రం మిగిలింది. కుడివైపు తిరిగి వచ్చింది, ఎడమవైపు పూర్తిగా రాలేదు. అప్పుడే బ్యాండ్ మార్చి ఉంటే వచ్చేదేమో. చాలాకాలం లాగితే కుదురు మూసుకుపోతుంది, ఆ తర్వాత ఏ నూనే పని చేయదు. కణతల దగ్గర నొప్పి, పొక్కులు ఉంటే అది ఇవాళే వదులు చెయ్యమని చర్మం చెప్పడం.

ఇంకో విషయం అడగాలి. రెండు మూడు నెలల కిందట డెంగ్యూ లాంటి పెద్ద జ్వరం గానీ, ఉన్నట్టుండి తిండి మానేసి బరువు తగ్గడం గానీ జరిగిందా? అలాంటివి అయ్యాక ఆ వ్యవధికి జుట్టు గుత్తులుగా రాలుతుంది, కొందరికి రాలేటప్పుడు కుదుళ్ళు నొప్పి పుడతాయి. డాక్టర్లు దీన్ని ట్రైకోడీనియా అంటారు. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది. ఇదంతా పార్లర్లో తేలేది కాదు.

పార్లర్లో తేలనివి ఉన్నాయని నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. నీలాగే రీబాండింగ్ ఆపేసిన ఒకావిడ నడినెత్తి మంట అంటే, జడ వదులు చేసుకో, షాంపూ మార్చు అని నాలుగు నెలలు తిప్పాను. పాపిడి వెడల్పవుతోందని ఆవిడే అంటే చూశాను. అక్కడ చర్మం నున్నగా మెరుస్తోంది, వెంట్రుక మొలిచే సూదిబెజ్జాలే కనిపించలేదు. స్కిన్ డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తే లైకెన్ ప్లానోపైలారిస్ అని తేలింది. కుదుళ్ళని లోపలనుంచి తినేసి మచ్చ చేసే జబ్బు. పోయింది తిరిగి రాదు, మందులతో మిగిలినదాన్ని కాపాడారు. నాలుగు నెలలు ముందు పంపించి ఉంటే ఇంకొంత జుట్టు మిగిలేది. అందుకే ఇప్పుడు లెక్క పెట్టుకున్నాను. లాగుడు మానేసి, సరిగ్గా కడుక్కుని మూడు నాలుగు వారాలైనా నడినెత్తి నొప్పి తగ్గకపోతే, లేదా ఆ చోట జుట్టు పలచబడుతుంటే, నా దగ్గర కూర్చోబెట్టను, స్కిన్ డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. చీము పొక్కులు, రసి కారడం, గుండ్రంగా ఊడిన మచ్చ, జ్వరంతో మెడ గ్రంథులు వాయడం ఉంటే అన్ని వారాలు కూడా ఆగకు. ఒకే పక్క భరించలేని మంట పుట్టి నీటిపొక్కులు లేస్తే అది సర్పి కావచ్చు, మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే బాగా పని చేస్తుంది. ఇది చదివే పెద్దవాళ్ళకి కూడా ఒకమాట: 50 దాటాక కొత్తగా కణత నొప్పి, నములుతుంటే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. నెత్తి మీది రక్తనాళం వాచే జబ్బు ఒకటుంది, అది కంటిచూపు తీసేయగలదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులు మాత్రం ఎవరూ రాయకండి. చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, నాలుగు రోజులు తగ్గినట్టుండి తర్వాత తిరగబెడుతుంది.

నీకు అమెరికాలో ఉన్న పిన్ని జుట్టు సాపు చేసే రిలాక్సర్ క్రీము డబ్బా పంపిస్తానందని రాశావు కదా. అది మనం వాడేది కాదు. ఆఫ్రికన్ అమెరికన్ ఆడవాళ్ళ గట్టి చుట్టల జుట్టు కోసం చేసినది, అందులో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్ గానీ ఆ జాతి క్షారాలు గానీ. అది తగిలి నెత్తి కాలకుండా ముందు పెట్రోలియం జెల్లీ పూసుకోవాలి. మన స్మూతెనింగ్ క్రీములో ఉండే థయోగ్లైకోలేట్ పెట్టిన జుట్టు మీద అది పడితే జుట్టు ముక్కలై చేతిలోకి వస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పనికిరావు. రిలాక్సర్ ఆపేసి సొంత జుట్టు పెంచుకోవడంలో మనకంటే వాళ్ళకే ఎక్కువ అనుభవం, నేను చెప్పిన పురి పాయల పద్ధతి వాళ్ళ వీడియోల్లో చూసి నేర్చుకున్నదే. వాళ్ళలో కొందరు తగిలించుకునే సవరాల్లో తిరుమల తలనీలాలూ ఉంటాయి, దేవస్థానం వేలం వేశాక అక్కడిదాకా వెళ్తాయి. కెరాటిన్, బొటాక్స్, నానోప్లాస్టియా అని కొత్త పేర్లతో వచ్చేవాటికీ తొందరపడకు. వాటిలో కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్, కొన్నిటిలో గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ యాసిడ్ ఉన్న క్రీము పెట్టించుకున్నాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు డాక్టర్లు బయటపెట్టారు. ఒరుసుకుపోయిన నెత్తి ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది.

ఇక కత్తెర. నువ్వు అడగలేదు కానీ నొప్పికి అన్నిటికంటే పెద్ద మందు అదే. నడుం దాకా ఉన్న పాత జుట్టులో సగం తీసేస్తే బరువు తగ్గి ఆ వారంలోనే తేడా తెలుస్తుంది. ఒక్కసారి మనసు రాకపోతే రెండు నెలలకోసారి మూడు నాలుగు సెంటీమీటర్లు తీయించు. భుజం దాకా సొంత జుట్టు రావాలంటే మొదటినుంచి లెక్కేస్తే రెండు, రెండున్నర ఏళ్ళు, ఉంగరాలు ముడుచుకుంటాయి కాబట్టి కంటికి ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. నా కస్టమర్ ఒకమ్మాయి ఈ గొడవంతా భరించలేక తిరుమలలో గుండు చేయించుకుని వచ్చింది. అత్తగారు మొక్కు అనుకున్నారు, ఆ పిల్ల సరిదిద్దలేదు. గంధం రాసుకుని చల్లగా తిరిగింది, ఏడాదిన్నరకి చెవులు దాటిన ఉంగరాలతో నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నువ్వు అంతదాకా వెళ్ళక్కర్లేదు, మూడు కత్తెరలు ఇచ్చి వచ్చినా దేవుడు కాదనడు, మిగతాది ఊళ్ళో ఎవరైనా కత్తిరిస్తారు.

పూలజడ దగ్గరికొద్దాం. పెళ్ళికూతురు మీ అక్క. నీకెందుకమ్మా పూలజడ? సవరం, దానిమీద అట్ట, దానిమీద పూలు, అంతా కలిపి వేలాడేది నీ కుదుళ్ళకే. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా మోస్తే మర్నాడు తల ఎత్తలేవు. మామ్మకి చెప్పు, పెళ్ళికూతురితో సమానంగా చెల్లెలు పూలజడ వేసుకోకూడదట అని. ఎవరన్నారని అడిగితే విజయవాడ పార్లర్ ఆవిడ అను. ముందురోజు రాత్రి రెండు పాయల పురి తిప్పి పడుకుని, పొద్దున్న విప్పి, మెడ దగ్గర వదులు జడ వేసుకో. మాఘానికి మల్లెలు ఇంకా రావు, రెండు మూరల కనకాంబరాలు చాలు. దండని కుదుళ్ళ దగ్గర కాకుండా జడ మొదటి అల్లిక కింద గుచ్చించు. హెయిర్‌స్ప్రే కొట్టనివ్వకు, మర్నాడు అది విడిపించడానికి మళ్ళీ చిక్కుల పని. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అయ్యాక ఫోటోలు దిగేసి భోజనానికి ముందే పిన్నులు తీసెయ్. గుచ్చేటప్పుడు ఎన్నో లెక్కపెట్టుకో, తీసేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టు. ఒకటి మిగిలిపోయిందంటే రాత్రి దిండు మీద తల పెట్టగానే తెలుస్తుంది.